గుర్తుబొమ్మలు

గృహమున వస్తువులను గుర్తించుటకు అక్షరములే కావలెనను నియమము లేదు. ఆవకాయ జాడీకి ఎఱ్ఱని వాసెనగుడ్డయు, మాగాయ జాడీకి తెల్లని గుడ్డయు కట్టుట మన పెద్దల యలవాటు. బీరువా తాళపుచెవికి రంగుదారము ముడివేయుటయు, చాకలికి వేయు బట్టలపై గుర్తు పెట్టుటయు నిట్టిదే. చదువు వచ్చినవారికి ఇది సౌకర్యము. రానివారికి ఇదియే చదువు.

కంప్యూటరులోను ఇట్టి గుర్తులు కలవు. కాగితములను, ఛాయాచిత్రములను, పాటలను వేఱువేఱుగా సర్దియుంచు అఱలను ఫోల్డరులందురు. 1981లో వెలువడిన జిరాక్సు స్టార్ యంత్రమునందే ఫోల్డరునకు బొమ్మ యుండెను. 1984లో వచ్చిన మకింతోషు యంత్రమునకు బొమ్మలు గీసినది సూసన్ కేర్ అను స్త్రీ. ఆమె గళ్లకాగితముపై ఒక్కొక్క గడిని నింపుచు వానిని రూపొందించెను. అడ్డముగా 32, నిలువుగా 32, మొత్తము 1024 గడులలో బొమ్మ యిముడవలెను. చుక్కలు లెక్కించి ముగ్గు పెట్టుటయు, గళ్లు లెక్కించి అల్లికపని చేయుటయు నెఱిగిన మనకు ఆమె పనితనము సులభముగనే బోధపడును.

మా అత్తగారు బడికి పోయినవారు కారు. ఆమె కొఱకు మేము కంప్యూటరులో తొమ్మిది ఫోల్డరులు ఏర్పఱచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొమ్మ తగిలించితిమి. తులసికోట యున్నదానిలో స్తోత్రములు. మందుసీసా యున్నదానిలో వైద్యుల చీటీలు. వాలుకుర్చీ యున్నదానిలో కీర్తిశేషులైన మామగారి మాటలు. ఆయన మనుమలకు చెప్పిన కథలను వారి చివరి యేండ్లలో పట్టి యుంచినారము. అత్తగారు ప్రతిదినము మధ్యాహ్న భోజనానంతరము ఎవ్వరి సాయమును లేక వాలుకుర్చీ బొమ్మపై నొక్కి, ఆ కంఠమును వినుచుండెడివారు.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి సాధారణ సంరక్షణ ముగియుటచే, అనేక గృహములలో వలెనే మాయింటను యంత్రము మార్చవలసి వచ్చెను. ఫోల్డరులన్నియు క్రొత్త యంత్రమునకు చేరినవి. కాని తొమ్మిదియు ఒక్క తీరున పసుపుపచ్చగా నిలిచినవి. బొమ్మ యొక్కటియు లేదు. అత్తగారు కొంతసేపు వానిని చూచి, “అమ్మాయీ, మామయ్యగారి గొంతు పోయినదా?” అని యడిగిరి. నాడు వారు అన్నము సరిగా తినలేదు. మేము ఫోల్డరు తెఱచి వినిపించిన పిమ్మటనే వారి మనసు కుదుటపడినది. జాడీ చెడలేదు, ఊరగాయ చెడలేదు. గుడ్డ మాత్రమే ఊడినది. అయినను మఱునాడు మరల మమ్ము పిలిచి యడుగవలసి వచ్చుటయే వారికి కష్టముగా నుండెను.

దీనికి కారణమేమన, విండోసులో ఫోల్డరునకు బొమ్మ మార్చినపుడు ఆ బొమ్మ ఫోల్డరులోనికి రాదు. డెస్క్‌టాప్.ఐఎన్ఐ అను చిన్న దస్త్రమొకటి లోపల రహస్యముగా ఏర్పడును. బొమ్మ యెచ్చట నున్నదో ఆ చిరునామా మాత్రమే అందు ఐకాన్‌రిసోర్స్ అను పంక్తిలో వ్రాయబడి యుండును. మా బొమ్మలు పాత యంత్రములో వేఱొక చోట నుండెను. ఫోల్డరులతో చిరునామా వచ్చినది. ఆ చిరునామాలో ఇల్లు లేదు.

సవరించిన విధము చెప్పెదము. మొదట బొమ్మ ఐసీఓ అను రకపు దస్త్రముగా నుండవలెను. ఛాయాచిత్రమైనచో దానిని ఆ రకమునకు మార్చుకొనవలెను. దానిని ఆ ఫోల్డరులోపలనే యుంచవలెను. పిదప ఫోల్డరుపై కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులో కస్టమైజ్ అను పుటలోని ఛేంజ్ ఐకాన్ నొక్కి ఆ బొమ్మను ఎన్నుకొనవలెను. అంతటితో బొమ్మ కనబడును. అయితే దారి పొడుగునా వ్రాసిన చిరునామా మరల తప్పిపోవచ్చును గనుక, నోట్‌ప్యాడులో ఆ రహస్యదస్త్రమును తెఱచి, పూర్తి చిరునామాకు మాఱుగా బొమ్మ దస్త్రము పేరును మాత్రమే యుంచుట మేలు. అపుడు ఫోల్డరు ఎచ్చటికి పోయిన బొమ్మయు వెంటపోవును. రహస్యదస్త్రములు కనబడుటకు ఫోల్డరు ఆప్షన్సులో అనుమతి నీయవలెను. పని ముగియగానే మరల దాచవలెను.

ఇంతచేసినను బొమ్మ రాకున్నచో రెండు విషయములు చూడవలెను. ఫోల్డరునకు రీడ్-ఓన్లీ గాని సిస్టమ్ గాని అను ముద్ర యున్ననే విండోసు ఆ రహస్యదస్త్రమును చదువును. ప్రాపర్టీసులోని గడిలో గుర్తు పెట్టిన అది లోపలి దస్త్రములకే తగులును. కావున కమాండ్ ప్రాంప్టులో ఆట్రిబ్ అను ఆజ్ఞతో ఆ ముద్ర వేయవలెను. రెండవది, విండోసు పూర్వము చూపిన బొమ్మలను ఐకాన్‌క్యాష్ అను దస్త్రములలో దాచుకొని వానినే చూపుచుండును. వానిని తొలగించి యంత్రమును మరల ప్రారంభించినచో క్రొత్తగా కట్టుకొనును.

ఇతర పద్ధతులలో ఏర్పాటు వేఱు. లినక్సులోని డాల్ఫిన్ ఫోల్డరు లోపలనే గుర్తు వ్రాసికొనును. గ్నోమ్ ఫైల్సు వెలుపల వేఱొక పట్టికలో వ్రాసికొనును గాన ఫోల్డరు యంత్రము మాఱిన గుర్తు వెంటరాదు.

సోదరీమణులు యంత్రము మార్చుటకు ముందు గుర్తులున్న ఫోల్డరుల నొకసారి చూచి, బొమ్మలను ఆయా ఫోల్డరులలోనికే చేర్చుకొనవలెను. లోపలి వస్తువులకు మఱియొక ప్రతి వేఱొక డిస్కుపై నుంచుట దానికంటెను ముఖ్యము. ఇంటిలో అక్షరములు రాని పెద్దలున్నచో ఏ బొమ్మ కావలెనో వారినే యడిగి పెట్టుడు. మా అత్తగారు ఈసారి మందుసీసాను తీసివేయించి, దాని స్థానమున వేపకొమ్మను పెట్టించుకొనిరి.