దిగకుండా పోయే విమానం

మా మద్నూర్‌లో ఒక్క తెలుగుతో బేరం కుదరదు. అటు కాస్త దూరం పోతే దెగ్లూర్, అంటే మహారాష్ట్ర. ఇటు తిరిగితే కర్ణాటక. మా అవ్వ బడి మొహం చూడలేదు గానీ, తెలుగులో పలకరించి, మరాఠీలో బేరమాడి, కన్నడంలో ధర తెగ్గొట్టి వచ్చేది. అలాంటి మనిషి నోరు పడిపోయింది 2016లో, ఓ గల్ఫ్ విమానాశ్రయంలో.

షికాగోలో ఉన్న మా చెల్లె తొలి కాన్పుకు పోతోంది. నడవగలిగిన మనిషే అయినా వీల్‌చెయిర్ రాయించాం. ఈ ఉపాయం తెలియని ఇల్లు ఇప్పుడు ఏ ఊళ్లోనూ ఉండదనుకుంటా. విమానం మారే చోట ఎవరో ఆమెను ఓ మూలన దించి పోయారు, మళ్లీ రాలేదు. బోర్డు చదవరాదు, ఎవరిని ఏ భాషలో అడగాలో తోచలేదు. చివరికి నేల తుడుస్తున్న కుర్రాడు ఆమె చీరకట్టు చూసి దగ్గరికొచ్చాడు.

‘‘యాడికి పోవాలె అవ్వా?’’

జగిత్యాల దిక్కువాడట. చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకుపోయాడు. ‘‘ఆ పోరడు లేకుంటే ఆడ్నే ఉంటుంటి’’ అని అవ్వ ఇప్పటికీ అంటుంది.

2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేసింది. వారానికి ఒక్కటే. చెల్లె రెండో కాన్పుకు అవ్వ అందులోనే పోయింది. పిట్లం, సంగారెడ్డి మీదుగా కారులో శంషాబాద్ పోయి, ముక్కూ మూతీ మాస్కుతో మూసుకుని ఎక్కింది. దాదాపు పదహారు గంటలు. దిగాక ఫోన్లో ఒకటే మాట: ‘‘ఈడ కూసున్న, ఆడ లేచిన.’’

ఆ సర్వీసు నిలబడలేదు. ఎందుకాగిందని, విమాన టిక్కెట్ల వ్యాపారం చేసే మిత్రుణ్ని అడిగాను. అతను చెప్పింది విన్నాక కోపం సగం తగ్గింది. మన దగ్గర అమెరికా పోయేవాళ్లకు కొదవ లేదు. కానీ వాళ్లంతా దుబాయ్, దోహా, అబుదాబి, లండన్ అంటూ తలో దారిన పోతున్నారు. దుబాయ్‌లో లేచే విమానానికి ఎన్నో ఊళ్ల నుంచి జనం వచ్చి చేరతారు. మన నేరు విమానం మాత్రం మన ఊరి జనంతోనే నిండాలి, అదీ ఏడాది పొడవునా. వేసవి, డిసెంబరు సరే, మిగతా నెలల మాటేమిటి? అంత దూరం ఆగకుండా పోగల విమానాలే తక్కువ. మోసుకుపోయే ఇంధనం బరువుకే మరికొంత ఇంధనం కాలుతుంది. ఆ ఖర్చు రాబట్టేది ముందు వరసల్లోని ఖరీదైన సీట్లు, కింద మందుల పెట్టెల్లాంటి సరుకు. చవక టిక్కెట్టు మీద వెనక వరసలో ఒత్తిగిలి కూర్చునే అవ్వలు కారు.

లెక్క తప్పనను. కానీ నేరు విమానమంటే కంపెనీలకు కలిసొచ్చే గంటలు. మా అవ్వకు అది తప్పిపోకపోవడం. ఆ భయానికి ఏ కాగితం మీదా గడి లేదు.

ఇప్పుడు చెల్లెకు ఆపరేషనుంది. అవ్వ పోవాలి, డెబ్బై దాటాయి. లండన్‌కు విమానం ఉంది. 2024 జనవరిలో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్‌కు, 2025 సెప్టెంబరులో కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్‌కు హైదరాబాద్ నుంచి మొదలుపెట్టాయి. ఏది ఎక్కినా ఒకచోట దిగి మారాల్సిందే. మొన్న రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టిక్కెట్టు చూస్తుంటే అవ్వ పక్కకొచ్చి కూర్చుంది.

‘‘ఆ ఊర్ల మన దిక్కు పోరగాండ్లు ఉంటరా బిడ్డా?’’