చివరి బెంచీ

'మీ పాప అస్సలు వినదండీ' అన్నారు టీచరు. ఇంటికొచ్చి పాపను నాలుగు కేకలేశాను.

మరుసటి నెల పేరెంట్స్ మీటింగుకి ఆలస్యమై చివరి బెంచీలో కూర్చున్నాను. కొత్త గది. కింద మెరిసే టైల్స్, నున్నటి గోడలు, ఒకవైపంతా అద్దాలు. టీచరమ్మ ఒక మాట అనేలోపు అంతకుముందన్న మాట గోడకి కొట్టుకుని తిరిగొచ్చి దానిమీద పడుతోంది. గొంతు వినిపిస్తోంది, మాటే తెలియట్లేదు. పాపను తిట్టినందుకు సిగ్గేసింది.

ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పే స్నేహితుడితో అంటే, 'ఇది 1895 నాటి గొడవే' అని నవ్వాడు. హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో చప్పుడు ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేదట. సరిచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ మాస్టారికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి పరుస్తూ, ఆర్గాన్ గొట్టం మోగించి, స్టాప్‌వాచీతో లెక్కగట్టాడు. గది పెద్దదయ్యేకొద్దీ మోత పెరుగుతుంది, మెత్తనివి చేరేకొద్దీ తగ్గుతుంది. ఆ లెక్కతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాల్ లేచింది.

'మా పిల్లలకిప్పటికీ అదే చెప్తాం. పరీక్షలో రాస్తారు కూడా. ప్లాను గీసేటప్పుడే మర్చిపోతారు. చప్పుడు కాగితమ్మీద కనపడదుగా!' అన్నాడు.

గోల్కొండలో చప్పట్లు కొట్టి చూపించడానికి మాత్రం పిల్లల్ని ఎండలో అంతదూరం తీసుకెళ్తాం.

ప్రిన్సిపల్‌ని కలిసి, వెనకగోడకి మందపాటి కర్టెన్లు కట్టించమన్నాను.

'తప్పకుండా. ఏ రంగైతే బావుంటుందంటారు?' అన్నారాయన.