దివిసీమలో మా యింటిపేరు

పోచంపల్లిలో స్థిరపడిన మా యింటివారు తమ మూలము దివిసీమ యని తరతరములుగా చెప్పుకొనుచున్నారు. విజయవాడకు దిగువన, పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలి కడలిని చేరుచున్నది. ఆ పాయల నడుమ నున్న లంకయే దివిసీమ. మాఘపూర్ణిమకు హంసలదీవిలో సాగరసంగమ స్నానము చేసి, నాగాయలంక చేరువనున్న జ్ఞాతుల యింటికి వెళ్లితిమి.

ఇంటిపేరు, గోత్రము కలిసినవి. అంతమాత్రమున బంధుత్వము రుజువు కాదు గదా! వంశవృక్షము గలదా యని అడిగితిమి. "1977 నవంబరు 19 ఉప్పెనలో కాగితాలే కాదు, వాటిని చదివి చెప్పే పెద్దలూ పోయారు నాయనా" అని యింటి పెద్దాయన నిట్టూర్చెను. అప్పుడు మా అవ్వ నేర్పిన ఏడు తరముల పేర్లు వరుసగా చెప్పితిమి. అయిదవ పేరు వినగానే ఆయన కన్నులు చెమర్చినవి. అది తన చిన్ననాట విన్న పేరే! భూమి వారికి దక్కినది, పేర్లు మాకు దక్కినవి.

వానిని వ్రాసియిమ్మని ఆయన కోరగా, మా కుఱ్ఱవాడు ఉత్సాహముతో తమిళలిపిలో వ్రాసెను. వాని నోట తెలుగే, చేత తమిళము. మా ఊరు 1965 వరకు సేలము జిల్లాలోను, పిదప ధర్మపురిలోను, 2004 నుండి కృష్ణగిరిలోను ఉన్నది. జిల్లాలు మారినను నోటిమాట నిలిచినది. ఉప్పెన రాకయే అక్షరము పోవుచున్నది. అందుచే ప్రతి ఆదివారము మా పిల్లలచే ఆ ఏడు పేర్లను తెలుగున వ్రాయించుచున్నాము. ఇరుగుపొరుగు పిల్లలును వచ్చి కూర్చుండుచున్నారు.