ఎర్ర మూత, ఆరెంజ్ మూత

పోయిన వారం హాస్టల్ గురించి రాశాక ఒక చెల్లి ఇన్‌బాక్స్‌లో అడిగింది. "అక్కా, నర్సింగ్ సెకండియర్. తెలుగు మీడియం నుంచి వచ్చా. ఫార్మకాలజీ అంటే ఏడుపొస్తోంది, మానేద్దామనుకుంటున్నా" అని. తనకు రాసిన జవాబే ఇక్కడ పెడుతున్నాను. ఇందులో నేను చేసిన తప్పొకటి ఉంది. ఇన్నేళ్లలో ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను గానీ దీని గురించి ఎక్కడా నోరు విప్పలేదు.

మాది మాదిగ గూడెం. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఫార్మకాలజీ మొదటి వారంలో మేడమ్ బోర్డు మీద 'ఫైవ్ రైట్స్' అని రాశారు. నేను నోట్సులో 'ఐదు హక్కులు' అని రాసుకున్నా. రైట్స్ అంటే నాకు తెలిసింది అదే మరి, ఏటా ఏప్రిల్ 14న గూడెం మైకులో విన్న మాట. తీరా చూస్తే అవి సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. పక్కనమ్మాయి నా నోట్సు చూసి నవ్వింది. మధ్యాహ్నానికి క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్లపాటు నేను క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు. నా తప్పు వార్డులో మొదలవలేదు చెల్లీ, ఇక్కడ మొదలైంది.

ఫైనలియర్‌లో మెడికల్ వార్డు, నైట్ డ్యూటీ. యాభై మందికి పైగా రోగులు, ఒక్క స్టాఫ్ సిస్టర్, ఇద్దరం స్టూడెంట్లం. కిటికీ పక్క మంచం మీద ఒక మామ్మ. షుగరు, కాలికి పుండు. రాత్రి అన్నానికి ముందు 20 యూనిట్ల ఇన్సులిన్ అని కేస్ షీట్‌లో ఉంది. వార్డులో స్టాకు అయిపోతే కొడుకు బయట షాపులో సీసా కొనుక్కొచ్చాడు. నేను ట్రేలోంచి సిరంజి తీసి, 20 గీత దాకా లాగి, వేసేశా. సీసా ఫ్రిజ్‌లో పెట్టబోతూ లేబుల్ చూశా. 100 అని ఉంది.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లున్నది ఒకటి, 100 యూనిట్లున్నది ఒకటి. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 సీసాకి ఆరెంజ్ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. ఆ అర మిల్లీ 40 సీసాలోంచి తీస్తే 20 యూనిట్లు. 100 సీసాలోంచి తీస్తే 50. నా చేతిలో ఉన్నది ఎర్ర మూత. (తిరగేసి చేసినా ప్రమాదమే. 40 సీసాని ఆరెంజ్ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే. మందు వేశామనే అనుకుంటాం, షుగరు మాత్రం దిగదు.)

ఈ లెక్క నాకు ఫ్రిజ్ ముందు నిలబడిన క్షణంలోనే వచ్చేసింది. లెక్క తెలియక కాదు. తెలిసి కూడా దాదాపు గంటసేపు ఎవరికీ చెప్పలేదు. "అందుకే అనేది, కోటా సీట్లని" అనే మాట ముందే వినపడిపోయింది నాకు. మామ్మ పక్కన కూర్చుని "ఇంకో ముద్ద తిను మామ్మా" అని బతిమాలుతూ ఉండిపోయా. ఆమె నాలుగు ముద్దలకే చాలంది. కాసేపటికి నుదుటి మీద చెమట. చేతులు చల్లబడ్డాయి, వణుకు. పేరడిగితే ఏదో అంది, అర్థం కాలేదు.

అప్పుడు పరిగెత్తా. గ్లూకోమీటర్‌లో 48 చూపించింది. డ్యూటీ డాక్టరు వచ్చి 25 శాతం డెక్స్ట్రోజ్ నరంలోకి ఎక్కించారు, తర్వాత డ్రిప్ పెట్టారు. ఒకసారి గ్లూకోజ్ ఎక్కించగానే గండం గడిచినట్టు కాదు. చర్మం కింద వేసిన ఇన్సులిన్ గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. తెల్లవార్లూ గంటగంటకీ వేలు పొడిచి చూశా.

అనుకున్న మాట అననే అన్నారు. మెమో కూడా ఇచ్చారు. అంతకు రెండు నెలల ముందు నా బ్యాచ్ అమ్మాయే ఒకరి యాంటీబయాటిక్ ఇంకొకరికి వేసింది. దానికి "పాపం, డబుల్ డ్యూటీ చేసి అలిసిపోయింది" అన్నారు. నేనూ అలిసిపోయే ఉన్నా. రెండు రంగుల సిరంజిలూ ఒకే ట్రేలో ఎందుకున్నాయో, యాభై మందికి ఒక్క సిస్టర్ ఎందుకో ఆ మెమోలో లేదు. అయినా ఆ గంట మౌనం నాదే. దాన్ని ఎవరి మీదా తోయను.

కాబట్టి చెల్లీ, మానెయ్యకు. లేబుల్ మూడుసార్లు చదువు. సీసా తీసేటప్పుడు, మందు లాగేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు. నేను మూడోసారి మాత్రమే చదివా. యూనిట్లు అని పూర్తిగా రాయి. ఇంగ్లిషు 'యు' ఒక్కటే రాస్తే తొందరలో అది సున్నాలా కనపడి 4 కాస్తా 40 అవుతుంది. అర అయితే 0.5 అని రాయి, ముందు సున్నా వదిలెయ్యకు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం ముట్టుకుంటే ఇంకో మనిషిని పిలిచి చూపించు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాల్సిందే. ఎంత పెద్దవాళ్లు "కానియ్" అన్నా చెయ్యి ఆపి అడుగు. తిడతారు. తిట్టనీ.

ఇంకోటి. "నువ్వు సుబ్బమ్మవేనా?" అని అడక్కు. ఊళ్లో దొరల ముందు జీవితమంతా తలూపిన మన ముసలమ్మలు దానికీ ఊ అంటారు. "నీ పేరు చెప్పు మామ్మా" అని అడుగు. వాళ్ల నోటితో వాళ్ల పేరు రావాలి.

పొద్దున మామ్మ లేచి "రాత్రి నాకేమైంది పాపా?" అంది. ఉన్నదున్నట్టు చెప్పేశా. కాసేపు నా మొహంలోకే చూసింది. తిట్టలేదు. సూది వేళకి మాత్రం కొడుకుని పక్కకి జరగమని, "ఏదీ, ఆ సీసా ఇట్టా తే, ఆ గొట్టం మూత ఏ రంగో చూపియ్యి" అంది. చదువు రాదామెకి. ఆరెంజ్ మూత చూపించి, లాగిన మందుని వెలుతురుకి పెట్టా. గీతలు వేలితో లెక్కపెట్టుకుంది. తర్వాతే చెయ్యి చాపింది.