కత్తి మ్యూజియంలో, చిట్టెం మా మేనత్త ఊళ్లో

మా చెల్లె ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. పోయిన దసరాకు నేను కథలాపూర్ వచ్చీ రాగానే, "అన్నా, బండి తియ్యి, అత్తమ్మోళ్ల దిక్కు పోవాలె. సిట్టెం ఏరుకొస్తా" అంది. పండుగ పూట చిట్టెం ఏందే అంటే వినదు. కోరుట్ల, మెట్‌పల్లి దాటి కమ్మర్‌పల్లి వైపు పోయాం. ఊరి పేరులోనే కమ్మరి ఉన్నాడని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆ మండలంలోనే కోనసముందర్ ఉంది. డమాస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకున్నవాటికి ఉక్కు పంపిన ఊళ్లలో అదొకటి. ఊక కలిపిన మట్టితో మూస చేసి, అందులో ఇనుము పెట్టి, మూతి మూసేసి, బొగ్గు కొలిమిలో గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవాళ్లు. 1820లలో హెన్రీ వాయ్‌సీ అనే జియాలజిస్టు వచ్చి ఈ పని కళ్లారా చూసి రాశాడు. పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి ఈ ఉక్కు కోసం వచ్చేవాళ్లట. ఇంగ్లిష్‌లో 'వూట్జ్' అన్న మాట మన 'ఉక్కు'లోంచే పోయిందంటారు. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు!

సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత కత్తులు చూసినప్పుడు నాకు వాటి నీటి అలల్లాంటి గీతలే కనిపించాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు నెమ్మదిగా చల్లారి, దాన్ని జాగ్రత్తగా సాగగొడితే లోపల కార్బైడ్ వరుసలు కట్టి అట్లా తేలుతుంది. అందమే, కాదనను.

కానీ ఆ అందం తాలూకు మిగులు ఇక్కడ ఉంది. 2010లో బెంగళూరు నియాస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు, ధర్మపురికి చెందిన జైకిషన్ గారితో కలిసి ఉత్తర తెలంగాణ తిరిగితే, పాత ఇనుము పనుల ఆనవాళ్లు వందలాది చోట్ల దొరికాయి. అత్తమ్మ చూపించిన దిబ్బ మీద తుమ్మ చెట్లు తప్ప ఏమీ లేవు. నల్లగా, బుడగలు బుడగలుగా రాళ్లు. "మా తాతల కాలం నుంచే ఉన్నది బిడ్డా. సగం ట్రాక్టర్లల్ల రోడ్డుకు పోసిండ్రు" అంది.

చెల్లె రాయి పట్టుకుని అడిగింది, "దీనికి ఎన్ని చెట్లు కాల్చిండ్రో లెక్కుందా?" నా దగ్గర లెక్క లేదు. అడవి పోవడానికి కొలిమి ఒక్కటే కారణం కాదు, వ్యవసాయమూ మింగింది. ఇదే ఇనుముతో కొడవళ్లు, నాగలి కర్రులూ చేశారు. అదంతా చెప్పాను. విని, "సరే, మరి నీ డ్రోన్ సంగతేంది?" అంది.

ఆఫీసులో నాకొక ప్రాజెక్ట్ ఇస్తామన్నారు. డ్రోన్‌కు గురి చూపించే సాఫ్ట్‌వేర్. జీతం బాగా పెరుగుతుంది. మా నాయిన దుబాయ్ నుంచి వాపస్ రావచ్చు కూడా. చెల్లెకు ఫోన్లో గొప్పగా చెప్పుకున్నాను.

"నీ కోడ్ సిట్టెం ఏ ఊళ్లె పడ్తది అన్నా?"

జవాబు చెప్పకుండా బండి స్టార్ట్ చేశాను.

ఇప్పుడు మా హాల్లో ఆరడుగుల కాగితం వేలాడుతోంది. కట్టె బొగ్గుతో గీసిన చెట్లు, కింద నిజం చిట్టెం ముక్కలు అతికించింది. గోడకు మసి అంటిందని అమ్మ రోజూ తిడుతోంది. మేనేజర్ మెయిల్‌కు శుక్రవారంలోగా జవాబివ్వాలి. డ్రాఫ్ట్‌లో 'హాయ్' వరకే టైప్ చేశాను.