‘ఇది నీకెలా తెలుసు?’

ఆగస్టు వచ్చిందంటే టెక్సాస్‌లో కాలేజీలు తెరుస్తారు, మన తెలుగువాళ్ల ఇళ్లల్లో పాత సణుగుడు మొదలవుతుంది: కంప్యూటర్ సైన్సు చదివేవాడికి హిస్టరీ, గవర్నమెంటు, ఫిలాసఫీ ఎందుకు? ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీలో డిగ్రీ చదివే ఎవరైనా, ఇంజనీరింగైనా సరే, 42 క్రెడిట్ల కోర్ పూర్తి చెయ్యాలి. అందులో అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వ వ్యవస్థకు 6 క్రెడిట్లు ఉండాలని చట్టమే చెబుతోంది. మనవాళ్లకు అదంతా వదిలించుకోవలసిన పీడ. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న అలవాటే విమానమెక్కి ఇక్కడికీ వచ్చింది. ఇప్పుడు వ్యాసం చాట్‌జీపీటీ చేత రాయిస్తే పీడ ఇంకా తొందరగా వదులుతుంది.

ఆ క్లాసుల్లో అసలు పని జరిగేది వ్యాసం దిద్దేటప్పుడు. పిల్లవాడు ధీమాగా రాసిన వాక్యం పక్కన, మార్జిన్‌లో, ప్రొఫెసర్ ‘ఇది నీకెలా తెలుసు?’ అని రాస్తారు. వాడు మళ్లీ లైబ్రరీకి వెళ్లి మూలం వెతకాలి, దొరక్కపోతే వాక్యం కొట్టెయ్యాలి. ఏఐని ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడడానికి కావలసిన అలవాటు ఇదే. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవిగా చూపినందుకు ఇద్దరు లాయర్ల మీద, వాళ్ల సంస్థ మీద కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఈ కేసులు నిజమేనా అని వాళ్లలో ఒకరు అడిగింది మళ్లీ చాట్‌జీపీటీనే! లాయర్లూ చదువుకున్నవాళ్లేగా, ఆ చదువు ఏం కాపాడింది అనవచ్చు. నిజమే, పట్టా దానంతటదే ఎవరినీ కాపాడదు. అడిగే అలవాటు మానేస్తే ఎంత చదువైనా తుప్పు పడుతుంది. అందుకే ఆ కోర్సులను మొక్కుబడిగా ముగించకూడదంటున్నాను.

ఎలా తెలుసని అడగడం అమెరికావాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. తెలుగువాడని మనం చెప్పుకునే అన్నంభట్టు 17వ శతాబ్దంలోనే తన తర్కసంగ్రహంలో శబ్దాన్ని, అంటే ఒకరు చెప్పిన మాటను, ప్రమాణంగా ఒప్పుకుంటూ, ఆ మాట ఆప్తుడిదై ఉండాలన్నాడు. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. చాట్‌జీపీటీ ఉన్నదీ లేనిదీ ఒకే ధీమాతో చెబుతుంది, కాబట్టి దాని మాట ఆప్తవాక్యం కాదు. ఈ తేడా పట్టుకునే తర్కం మన దగ్గరుండగా, దాన్ని కాలేజీలో నేర్పుతామంటే వద్దనేది మనమే.

ఫీజుల మాట కొట్టిపారెయ్యలేను. క్రెడిట్ క్రెడిట్‌కూ డాలర్లు పోస్తున్న తల్లిదండ్రుల బాధ న్యాయమైనది. కమ్యూనిటీ కాలేజీలో చవగ్గా చదివించండి, తప్పులేదు. చదవకుండా గట్టెక్కించడమే తప్పు. ఆ చదువు ఓటు వేసేటప్పుడూ కావాలి: ఇక్కడ పుట్టిన మన పిల్లలు 18 ఏళ్లకే ఓటర్లు. 2024 జనవరిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీకి (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు) రెండు రోజుల ముందు వేలమందికి ఫోన్లు వచ్చాయి: అచ్చం అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతే, మంగళవారం ప్రైమరీకి వెళ్లొద్దు, ఓటు నవంబరుకు దాచుకోండి అని. ఆ గొంతు ఏఐ తయారుచేసింది. అది నకిలీదని చెవి పట్టుకోలేకపోవచ్చు. కానీ ప్రైమరీలో వేసినా నవంబరు ఓటు ఎక్కడికీ పోదని తెలిసినవాడికి ‘దాచుకోండి’ అన్న మాట దగ్గరే అనుమానం వస్తుంది. మనవాళ్లు ‘ఎందుకు?’ అంటున్న ఆ ప్రభుత్వ వ్యవస్థ 6 క్రెడిట్లలో చెప్పే పాఠమే అది.