క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నప్పుడే

"ఆ బుడగల్లో నీళ్లు లాగేస్తే సరిపోదా సార్?"

పాలిసిస్టిక్ కిడ్నీ అని రాసిన స్కానింగ్ రిపోర్టు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది ముందుగా అడిగేది ఇదే. బుడగలు ఒకటో రెండో అయితే ఆలోచించవచ్చు. ఇక్కడ వందల్లో ఉంటాయి. ఒక పెద్ద తిత్తి విపరీతంగా నొప్పి పెడుతుంటే నీరు తీసి ఉపశమనం ఇస్తాం. దానివల్ల కిడ్నీ ఆయుష్షు మాత్రం పెరగదు.

ఆర్టీసీ కండక్టరు ఒకాయన తలనొప్పితో వచ్చాడు. వయసు 36, బీపీ 170/110. పొట్ట నొక్కి చూస్తే రెండు పక్కలా గట్టిగా, ఎగుడుదిగుడుగా కిడ్నీలు చేతికి తగిలాయి. స్కానింగులో ఒక్కొక్కటి 19 సెంటీమీటర్లు; మామూలుగా అయితే 10, 11 ఉంటుంది. తల్లి డయాలసిస్ మీద ఉంటూ చనిపోయింది. కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ మాత్రం ఆయనకు 1.1, నార్మలే. "అయితే కంగారేమీ లేదు కదా సార్" అన్నాడు.

ఈ జబ్బులో మనుషుల్ని మోసం చేసేది ఆ అంకే. తిత్తులు కిడ్నీని ఆక్రమిస్తున్నా, మిగిలిన భాగం అదనపు పని చేసి ఏళ్ల తరబడి క్రియాటినిన్‌ని పెరగనివ్వదు. అది పెరిగేనాటికి చాలా కిడ్నీ పోయి ఉంటుంది. మందులతో ఎక్కువ మేలు చేయగలిగేది ఆ నార్మల్ ఏళ్లలోనే, కానీ సరిగ్గా అప్పుడే మా దగ్గరకు దాదాపు ఎవరూ రారు.

ఆయనకు టెల్మిసార్టాన్ మొదలుపెట్టాను. ఇంట్లో బీపీ మిషను పెట్టుకోమన్నాను. 50 ఏళ్ల లోపు, కిడ్నీ పనితీరు బాగున్నవాళ్లలో ఈ తరహా మందులతో బీపీని 110/75 దాకా దించితే కిడ్నీల పెరుగుదల నెమ్మదిస్తుందని 2014లో వచ్చిన హాల్ట్ అధ్యయనం చూపింది. కళ్లు తిరగకుండా అక్కడిదాకా తీసుకెళ్లడానికి నెలలు పట్టింది. ఊరగాయలు, అప్పడాలు తగ్గించమన్నాను. నడుం నొప్పికి మెడికల్ షాపులో తెచ్చుకుని మింగే బిళ్లలు పూర్తిగా మాన్పించాను.

టోల్వాప్టాన్ గురించీ మాట్లాడుకున్నాం. తిత్తుల్ని పెంచడంలో వేసోప్రెసిన్ అనే హార్మోనుకు పాత్ర ఉంది. ఈ మందు దాన్ని అడ్డుకుంటుంది. అమెరికాలో 2018లో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. జబ్బు వేగంగా ముదిరేవాళ్లలో దాన్ని నెమ్మదింపజేస్తుంది, నయం చేయదు. లివర్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి, పైగా రోజుకు ఐదారు లీటర్ల మూత్రం పోతుంది. "గంటకోసారి బస్సు ఆపితే ప్యాసింజర్లు ఊరుకుంటారా సార్?" అన్నాడు. నిజమే. ఎండల్లో తగినన్ని నీళ్లు తాగే వీలు లేనివాళ్లకు ఆ మందు ఇవ్వడం ప్రమాదం కూడా. బీపీ మీదే పట్టు బిగించాం.

తల్లికో తండ్రికో ఈ జబ్బుంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. కండక్టరు చెల్లెలికి 24 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నారు. "పెళ్లయ్యాక చూద్దాంలెండి" అన్నాడు తండ్రి. ఆయన భయం నాకు అర్థమైంది. ఏ బాధా లేని మనిషికి బలవంతంగా స్కానింగ్ చేయడం నాకూ ఇష్టం ఉండదు. అది ఆ అమ్మాయి తేల్చుకోవాల్సిన విషయం. బీపీ చూడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదన్నాను. 146/94 వచ్చింది. స్కానింగ్ తనే చేయించుకుంది. రెండు కిడ్నీల్లోనూ తిత్తులున్నాయి, సైజు ఇంకా పెద్దగా పెరగలేదు. ఆమెకూ మందు రాస్తూ, పిల్లల కోసం అనుకున్నప్పుడు ముందే నాకు చెప్పమ్మా అన్నాను. టెల్మిసార్టాన్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది, అప్పటికి వేరే మందుకు మారాలి. ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత భయంకరమైన తలనొప్పి వస్తే మాత్రలు వేసుకుని పడుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తమని అన్నాచెల్లెళ్లిద్దరికీ చెప్పాను. ఈ జబ్బున్న కొందరిలో మెదడు రక్తనాళాలు ఉబ్బి పగులుతాయి.

ఆ రోజు తండ్రి ఆగి అడిగాడు: "నాకు ఈ జబ్బు లేదు కదా సార్, నా కిడ్నీ పిల్లలకు పనికొస్తుందా?"

మీరు ఆరోగ్యంగా ఉంటే, రక్తం గ్రూపూ మిగతా పరీక్షలూ కలిస్తే ఒకరికి ఇవ్వగలరు అన్నాను. మార్చిన కిడ్నీలోకి ఈ తిత్తులు రావు. రెండోవారికి, చనిపోయిన దాతల అవయవాలు కేటాయించే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసి ఎదురుచూడాలి. అన్న చెల్లెలికీ, చెల్లెలు అన్నకీ ఇచ్చుకునే దారి లేదు. అయినా ఇప్పుడు ఆ అవసరం ఇద్దరికీ లేదు. ఎన్నేళ్లు వీలైతే అన్నేళ్లు దాన్ని వెనక్కి నెట్టడమే మన పని అని చెప్పి, ఇద్దరి బీపీ పుస్తకాలూ నెలకోసారి మీరే తీసుకురండి అన్నాను.